దాచామన్న నమ్మకం

మేముండే అపార్ట్‌మెంటులో 40 ఇళ్ళు ఉన్నాయి. యజమానుల సంఘానికి కార్యదర్శిగా ఉండమని ఆరేళ్ళ క్రితం అందరూ మమ్మల్ని కోరారు. మదరసాలో పాఠం చెప్పుకునే మాకు కంప్యూటరుతో పనేమిటని మొదట వెనుకాడాము. అయితే, అప్పు వ్యవహారాలను వ్రాసిపెట్టుకోవాలని దివ్య ఖుర్ఆన్‌లోని అత్యంత దీర్ఘ వాక్యం (బఖరా: 282) ఆదేశిస్తున్నది. ఆ వాక్యాన్ని ఏళ్ళ తరబడి బోధించిన మేము తప్పుకోలేకపోయాము.

వసూళ్ళూ ఖర్చులూ ఎక్సెల్‌లో నమోదు చేసేవాళ్ళము. ప్రతి వారం వాటి నకలును ‘డి’ డ్రైవులో దాచేవాళ్ళము. రెండుచోట్ల ఉన్నాయి కదా అని నిశ్చింతగా ఉన్నాము.

ఒక వానాకాలపు రాత్రి కరెంటు పలుమార్లు పోయి వచ్చింది. తెల్లవారి కంప్యూటరు తెరుచుకోలేదు. హార్డ్ డిస్క్ చెడిపోయిందన్నాడు మెకానిక్. నకలు ఉందన్నాము ధీమాగా. “సి, డి రెండూ ఒకే డిస్కులోని భాగాలండీ. బీరువా కాలిపోతే అందులో ఏ అర మిగులుతుంది?” అన్నాడతడు.

మిగిలింది ఒక పాత ప్రింటు మాత్రమే. అందులో లిఫ్టు మరమ్మతుకు 18,000 రూపాయలు బాకీ అని ఒక వితంతువు పేరు ఉన్నది. ఆమె మా ఇంటికి వచ్చి, “మౌల్వీగారూ, మూడు వాయిదాల్లో కట్టాను. మీరే కదా రసీదులు వ్రాసిచ్చారు? అవెక్కడో పోయాయి” అన్నారు. ఆమె కంట నీరు చూసి మాకు తల ఎత్తడం కష్టమైంది. ఇచ్చినట్లే అనిపిస్తున్నది; కానీ అనిపించినంత మాత్రాన సాక్ష్యం చెప్పగలమా?

పాత రసీదు పుస్తకాల కట్టలు విప్పి నాలుగు రాత్రులు వెదికాము. రెండు వాయిదాల అడుగు కాగితాలు దొరికాయి. మూడవ పుస్తకాన్ని చెదలు తినేసింది. ఆ 6,000 రూపాయలు మేమే చెల్లించాము. ‘ఆమె తరఫున’ అని వ్రాయబోయిన కోశాధికారిని ఆపి, ‘కార్యదర్శి అజాగ్రత్త వల్ల కలిగిన నష్టం’ అని వ్రాయించాము. లేకుంటే ఆమె బాకీపడినట్లే అవుతుంది కదా! సర్వసభ్య సమావేశంలో ఆ మాటను మేమే చదివి వినిపించాము.

ఇప్పుడు లెక్కలకు మూడు ప్రతులున్నాయి: ఒకటి కంప్యూటరులో, ఒకటి విడి హార్డ్ డిస్కులో, ఒకటి ఇంటర్నెట్ నిల్వలో. నకలు తీయగానే విడి డిస్కును ఊడదీసి కోశాధికారి ఇంట్లో ఉంచుతాము. తగిలించి ఉంచితే కంప్యూటరుకు సోకిన వైరస్ దానినీ పాడుచేయగలదు. పాస్‌వర్డు సీలు చేసిన కవరులో అధ్యక్షుల వద్ద ఉంటుంది. మేము రేపు లేకున్నా సంఘం ఆగకూడదు. నెలాఖరున ఖాతా ప్రింటు తీసి ముగ్గురం సంతకాలు చేస్తాము.

అన్నిటికన్నా ముఖ్యమైనది మరొకటి ఉన్నది. హిఫ్జ్ విద్యార్థి కంఠస్థమైందంటే మేము నమ్మము; చూడకుండా వినిపించమంటాము. నకలు కూడా అంతే. మూడు నెలలకోసారి దానిని వేరే కంప్యూటరులో తెరిచి, మొత్తాలు సరిపోల్చి చూస్తాము. తెరిచి చూడని నకలు మీద నమ్మకం పెట్టుకోకూడదని మేము ఆలస్యంగా నేర్చుకున్నాము.

మొన్న ఆమె రుసుము కట్టడానికి వచ్చారు. రసీదు అందుకుని, “కంప్యూటరులో ఎక్కించారా?” అని అడిగారు. తెరను ఆమె వైపు త్రిప్పి చూపించాము.