పులికాట్ మీద గాలి లెక్క

భీములవారిపాలెం రేవులో పడవ ఎక్కేసరికి మధ్యాహ్నం పన్నెండు దాటింది. మే నెల, పడమటి గాలి. మొహానికి తగులుతుంటే పొయ్యి ముందు కూర్చున్నట్టుంది. "కాసేపు ఓర్చుకోండి సార్, తూరుపుకి తిరుగుద్ది" అన్నాడు పడవాయన, గడ ఆనించి నెడుతూ. ఈ సరస్సులో గడకు నేల దొరక్కపోవడమంటూ ఉండదు, అంత తక్కువ లోతు. ఉత్తరాన సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డు పక్కనైతే ఈ రోజుల్లో నీళ్లే లేవు; ఉప్పు తేలిన బురద నెర్రెలిచ్చి ఉంది.

నెల్లూరు తీరాన గాలిమరల బారులు ఎందుకు కనబడవో తెలుసుకోవాలని వచ్చాను. మన రాష్ట్రంలో అవి దాదాపు అన్నీ అనంతపురం, కర్నూలు, కడప గుట్టల మీదే ఉన్నాయి. సముద్రం ఇక్కడుంటే మరలు అక్కడా?

కాసేపటికి గాలి పూర్తిగా పడిపోయింది. తెరచాప ఎరువు సంచులు విప్పి కుట్టింది, అతుకు మీద అతుకు. ముందు దాని కింది అంచు ఒక్కటే కదిలింది, అదీ ఇందాకటికి ఎదురువైపు. పడవాయన తాడు వదిలి, చాపను ఇటు తిప్పి, మళ్లీ బిగించి కట్టాడు. ఆకాశం వంక చూడనైనా లేదు. రెండు నిమిషాల్లో పడవ తనంతట తానే నడవసాగింది, ఒళ్లు చల్లబడింది. జూన్‌లో పడమటి గాలి గట్టిగా తోసిన రోజున ఈ సముద్రపు గాలి సాయంత్రం దాకా లోపలికి రాదు. ఆ పూట నెల్లూరు ఉడికిపోతుంది.

తూర్పున శ్రీహరికోట. 1971 అక్టోబరులో అక్కడి నుంచి తొలి రోహిణి రాకెట్ ఎగిరింది. గాలిని అంత శ్రద్ధగా కొలిచే చోటు ఈ తీరంలో ఇంకోటి ఉండదేమో. అక్కడ వంద మీటర్ల వాతావరణ స్తంభం ఉంది. ప్రయోగం ముందు బెలూన్లు వదిలి, పై గాలులెలా ఉన్నాయో చూసి, ఆ లెక్కను రాకెట్ దారిలో కలుపుతారు. గాలిని అక్కడ కొలిచేది దాన్ని తట్టుకోవడానికి. మర వేసేవాడు కొలిచేది అమ్ముకోవడానికి.

అమ్ముకునేవాడి లెక్క కటువుగా ఉంటుంది. గాలిలోని శక్తి వేగం ఘనంతో పెరుగుతుంది. సెకనుకు 5 మీటర్ల గాలి 125 అయితే, 7 మీటర్లది 343. రెండు మీటర్ల తేడాకే రెండున్నర రెట్లు దాటిపోయింది. నైరుతి రుతుపవనాల గాలి రాయలసీమ గుట్టల మీద నెలల తరబడి వీస్తుంది. ఇక్కడి సముద్రపు గాలి మధ్యాహ్నం వచ్చి, రాత్రికి సద్దుమణుగుతుంది. ఎత్తుకు పోతే కథ కొంత మారుతుంది: చెన్నైలోని జాతీయ పవన శక్తి సంస్థ అంచనాలో ఆంధ్రప్రదేశ్ సామర్థ్యం 120 మీటర్ల ఎత్తున సుమారు 75 గిగావాట్లు, 150 మీటర్ల దగ్గర 123. అయినా మ్యాపులో రంగు చూసి మర వేయరు. స్తంభం పాతో, లేజర్ కాంతితో గాలిని కొలిచే లైడార్ పెట్టో కనీసం ఏడాది కొలవాలి. మూడు వైపులా నేల ఉన్న ఖంభాత్ సింధుశాఖలో 2017లో సముద్రం మధ్యనే లైడార్ నిలబెట్టింది అందుకే.

తుపాను సంగతి వేరు. 1989 నవంబరులో థాయ్‌లాండ్ సింధుశాఖలో పుట్టిన 'గే' ఆ దేశపు ఇరుకు నేలను దాటి, బంగాళాఖాతంలో మళ్లీ బలం పుంజుకుని కావలి దగ్గర తీరం దాటింది. ఏడాది సగటులో అలాంటి రాత్రి కనపడదు. మర మాత్రం దానికీ నిలబడాలి. ఆపైన ఈ సరస్సు పక్షుల అభయారణ్యం. ఫ్లెమింగోలు దిగే నీళ్ల మీద రెక్కలు తిప్పుతామంటే నేనూ ఒప్పుకోను.

రేవుకు తిరిగొచ్చాక, ఒడ్డున టీ తాగుతున్న రొయ్యల రైతును అడిగాను: ఇక్కడ మర వేస్తే మీకు పనికొస్తుందా?

"ఎప్పుడు తిరుగుద్ది అది?"

మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా అన్నాను.

"మాకు కరెంటు కావాల్సింది తెల్లారగట్ల. గుంటలో గాలి చాలక రొయ్య పైకి తేలేది అప్పుడు. ఏరియేటర్లు ఆ టైముకి ఆగినాయంటే పంట పోయినట్టే."