నాన్న చూపించిన హఫీజ్‌పేట్

వికారాబాద్ నుండి సికింద్రాబాద్ వెళ్ళే రైలులో మేము ఎన్నిసార్లు ప్రయాణం చేశామో లెక్క లేదు. పెళ్ళి బట్టలకైనా, ఆసుపత్రికైనా, చుట్టాల ఇళ్ళకైనా మాకు ఆ రైలే దారి. లింగంపల్లి, చందానగర్ దాటిన తరువాత కిటికీలోంచి హఫీజ్‌పేట్ అని రాసిన పసుపు పలక కనిపించేది. దాని వెనుక బండరాళ్ళు, తుమ్మచెట్లు, అక్కడక్కడ కొత్తగా లేస్తున్న కట్టడాలు. “ఇక్కడ దిగేవాళ్ళు ఎవరో!” అనుకుంటూ దాటిపోయేవాళ్ళము. ఒకనాడు బియ్యం మూటలతో, పచ్చడి జాడీలతో మేమే అక్కడ దిగుతామని కలలో కూడా అనుకోలేదు.

2013లో అది జరిగింది. మా అబ్బాయికి హైటెక్ సిటీలో ఉద్యోగము. కోడలు కూడా ఉద్యోగానికి వెళుతుంది. మనుమరాలికి అప్పుడు ఆరు నెలలు. పసిబిడ్డను చూసుకోవడానికి మేము రావలసి వచ్చింది. అంతకు ముందు సంవత్సరమే అమ్మ కన్నుమూసింది. డెబ్బై తొమ్మిదేళ్ళ నాన్నను పల్లెలో ఒంటరిగా వదిలిపెట్టలేక ఆయననూ వెంట తీసుకొచ్చాము. మాలో ఒకరికి ఆయన నాన్న, మరొకరికి మామ. అయినా ఇద్దరమూ నాన్న అనే పిలిచేవాళ్ళము.

మా ఇల్లు నాలుగవ అంతస్తులో. పొలమూ, పశువులూ, కల్లమూ తప్ప మరొకటి ఎరుగని మనిషికి కిటికీ పక్కన ఒక కుర్చీ వేశాము. వేళకు అన్నం పెట్టాము, మందులు ఇచ్చాము, టీవీ పెట్టాము. ఇంకేం కావాలి అనుకున్నాము. నాన్న మాత్రం రోజు రోజుకూ మాట తగ్గించారు. పిలిస్తే పలుకుతారు, పెడితే తింటారు. “ఊరికి పోదామా నాయినా?” అని అడిగితే, “ఆడ ఎవరున్నరు?” అనేవారు. “మరి ఇక్కడ ఉంటావా?” అంటే, “ఈడ ఎవరున్నరు?” అనేవారు. ఆ రెండు మాటలకూ మా దగ్గర జవాబు లేదు. అబ్బాయి కూడా తన కోసమే తాత ఇలా అయ్యాడని లోలోపల కుమిలిపోయేవాడు.

కొన్నాళ్ళకు నాన్న తెల్లవారుజామునే లేచి కిందకు దిగడం మొదలుపెట్టారు. వాచ్‌మెన్ దగ్గర కూర్చుంటున్నారులే అని మేము పట్టించుకోలేదు. ఏడు గంటలకల్లా పైకి వచ్చేసేవారు. ఒక ఉదయం ఎనిమిదైనా రాలేదు. తొమ్మిదయ్యింది. కిందకు వెళ్ళి అడిగితే, “ఐదు గంటలకే గేటు దాటిండు” అన్నాడు వాచ్‌మెన్. మా గుండెలు జారిపోయాయి. ఒకరము బిడ్డను చంకన వేసుకొని రైలు స్టేషను వైపు, ఒకరము ఫ్లైఓవర్ వైపు పరుగెత్తాము. ఆ రోడ్డు మీద బస్సులు, లారీలు, కంపెనీ కార్లు. ఆ నడుమ ఒక ముసలి మనిషి ఎలా దాటుతాడు?

చివరికి ఒక చాయ్ బండి దగ్గర ఆగి అడిగాము. “తెల్ల ధోవతి, భుజం మీద తువ్వాల, ఆ తాతేనా? రోజు వస్తడు గదా! పదిహేను దినాల సంది చూస్తున్న. కుంట కాడ ఉంటడు పోండి” అన్నాడు చాయ్ పోసే అన్న. ఆ మాట మాకు చెంపదెబ్బలా తగిలింది. ఒకే ఇంట్లో ఉంటూ మా నాన్న ఎక్కడికి వెళుతున్నారో మాకు తెలియదు, బజారులో చాయ్ అమ్మే మనిషికి తెలుసు.

ఆయన చెప్పిన గల్లీలు పట్టుకొని పోతే కైదమ్మ కుంట వచ్చింది. ఇంటికి అంత దగ్గరలో నీళ్ళున్నాయని మాకు అప్పటిదాకా తెలియదు. నాన్న కట్ట మీద కూర్చొని ఉన్నారు. పక్కనే ఒక బర్రెల కాపరి. ఇద్దరూ వానల గురించి మాట్లాడుకుంటున్నారు. నీళ్ళలో సగం దాకా గుర్రపు డెక్క పరుచుకొని ఉంది. మిగిలిన సగంలో కొంగలు, నీటికోళ్ళు. ఒక లకుముకి పిట్ట తీగ మీద నుండి నీటిలోకి దూకి చేపతో లేచింది. మమ్మల్ని చూసి నాన్న నవ్వారు. నెలల తరువాత చూసిన ఆ నవ్వుకు, తిట్టాలని వచ్చిన మాటలు నోట్లోనే ఆగిపోయాయి. “ఈడ ఊరున్నది రా! మీరే చూస్తలేరు” అన్నారు.

ఆనాటి నుండి ఉదయం ఒకరము, సాయంత్రం ఒకరము నాన్నతో నడవడం అలవాటు చేసుకున్నాము. ఆయనకు తోడు వెళుతున్నామనే అనుకున్నాము. నిజానికి ఆయనే మమ్మల్ని చేయి పట్టుకొని తీసుకొని వెళ్ళారు.

మొదట కుంటను చూడడం నేర్పారు. కుంట అంటే గుంటలో నిలిచిన నీళ్ళు కాదు. వాన నీరు దిగివచ్చే దారికి అడ్డంగా పెద్దలు కట్ట పోస్తారు. పొలాలకు నీళ్ళు వదలడానికి తూము పెడతారు. ఎక్కువైన నీరు కట్టను తెంచకుండా పోవడానికి ఒక పక్క అలుగు ఉంచుతారు. అలుగు పారిన నీరు కాలువ పట్టుకొని కింది చెరువుకు చేరుతుంది. అది నిండితే ఇంకో చెరువుకు. హైదరాబాదు చుట్టూ చెరువులూ కుంటలూ ఇలా గొలుసు కట్టినట్టు ఉండేవి. నీరు తగ్గినప్పుడు బయటపడే నేలను మనవాళ్ళు శిఖం భూమి అంటారు. “ఎండకాలం శిఖం చూసి ఖాళీ జాగ అనుకుంటరు. అది నీళ్ళ ఇల్లు. నీళ్ళు ఊరికి పోయినయి, మళ్ళ వస్తయి” అనేవారు నాన్న.

ఆ తరువాత పాత ఊరు. పెద్ద రోడ్డు మీద నిలబడితే హఫీజ్‌పేట్ అంటే అద్దాల దుకాణాలు, ఫ్లైఓవర్, అపార్టుమెంట్లు మాత్రమే. లోపలి గల్లీల్లోకి వెళితే అరుగులున్న ఇళ్ళు, వేపచెట్లు, మసీదు నుండి వినిపించే అజాన్, ఆషాఢంలో తలమీద బోనాలు ఎత్తుకొని నడిచే అక్కలు. “హఫీజ్” అనే మాటకు అరబ్బీలో కాపాడేవాడు అని అర్థమని ఒక సాయిబు పెద్దమనిషి అరుగు మీద కూర్చోబెట్టి చెప్పారు. పేట అంటే మనకు తెలిసిందే, జనం వచ్చి నిలిచిన చోటు. అంత మంచి పేరున్న చోట ఉంటూ ఒక్క మనిషినీ పలకరించకుండా నెలలు గడిపినందుకు మాకు సిగ్గేసింది.

ఒక గల్లీలో పిండి గిర్ని కనిపించింది. గిర్ని తిరిగే చప్పుడు, వేడి వేడి జొన్నపిండి వాసన తగలగానే నాన్న అక్కడే నిలబడిపోయారు. మరునాడే ఊరి నుండి తెచ్చిన జొన్నలు పట్టించుకొని వచ్చాము. గిర్ని దగ్గర వరుసలో నిలబడితే ఎవరు ఏ ఊరివాళ్ళో తెలుస్తుంది. పాలమూరు వాళ్ళు, తాండూరు వాళ్ళు, బీదరు వైపు వాళ్ళు, శ్రీకాకుళం నుండి మేస్త్రీ పనికి వచ్చినవాళ్ళు. తాండూరు కందిపప్పు గొప్పదా మరొకటి గొప్పదా అని అక్కడ పెద్ద చర్చ జరిగేది. 2022లో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు వచ్చిందని పేపరులో చదివినప్పుడు, నాన్న ఉంటే ఆ వాదంలో ఎంత గట్టిగా గెలిచేవారో అనుకున్నాము.

సాయంత్రం రోడ్డు పక్కన కట్టెల పొయ్యి ముందు కూర్చొని ఒక అక్క జొన్నరొట్టెలు చేసేది. కర్రా పీటా ఏమీ లేకుండా చేతులతోనే తట్టి పెనం మీద వేసేది. పక్కనే పచ్చిమిరపకాయల తొక్కు. మెడలో కంపెనీ కార్డులు వేలాడే పిల్లలు, తట్ట మోసే కూలీలు అందరూ ఆమె ముందు ఒకే వరుసలో నిలబడేవారు. మొదటి రోజు నాన్న రొట్టెను విరిచి చూసి, “బిడ్డా, పిండికి వేడినీళ్ళు తక్కువైనయి” అన్నారు. మాకు భయమేసింది. ఆమె కోపపడలేదు. “మా నాయిన కూడ గిట్లనే వంకలు పెడుతుండె” అని నవ్వి ఇంకో రొట్టె వేసింది. అప్పటినుండి ఆమె నాన్నను నాయినా అనే పిలిచింది.

ఇక స్టేషను. ఈ దారి 1874లో నిజాం కాలంలో వాడి నుండి సికింద్రాబాదుకు వేసిన రైలు మార్గము. 2003 ఆగస్టులో ఎంఎంటీఎస్ రైళ్ళు మొదలయ్యాయి. హఫీజ్‌పేట్ తరువాతి స్టేషను పేరే హైటెక్ సిటీ. అక్కడి సైబర్ టవర్స్ 1998లో ప్రారంభమయ్యింది. 2017 నవంబరులో పక్కనున్న మియాపూర్ నుండి మెట్రో రైలు కూడా నడవడం మొదలయ్యింది. ఇవన్నీ అందరికీ కనిపించేవే. పొద్దున్నే కూరగాయల గంపలతో దిగే ఆడవాళ్ళను మాత్రం నాన్నే చూపించారు. శంకర్‌పల్లి వైపు నుండి వచ్చి, లింగంపల్లిలో రైలు మారి, గోంగూర, చుక్కకూర, చిక్కుడుకాయలు తెచ్చేవారు. మేము అయిదు రూపాయల కోసం బేరమాడబోతే నాన్న ఆపారు. “మనం గూడ ఇట్లనే గంప దించినోళ్ళమే గదా” అన్నారు. ఆ మాట తరువాత మేము మళ్ళీ గంప ముందు బేరం చేయలేదు.

సెలవు రోజుల్లో ఆటో ఎక్కి కొండాపూర్ పక్కనున్న బొటానికల్ గార్డెన్‌కు వెళ్ళేవాళ్ళము. కోట్ల విజయభాస్కరరెడ్డి గారి పేరుతో కొత్తగూడ అడవి భూమి 274 ఎకరాలలో అది ఉంది. అక్కడ నాన్న మనుమరాలికి తంగేడు, మోదుగ, రేల, పరికి చెట్లను పేరు పేరునా పరిచయం చేశారు. మన దక్కను గుట్టల రాళ్ళ వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలని అబ్బాయి చెబితే, నాన్న ఒక బండను చేత్తో నిమిరి, “అయితే నువ్వు నాకన్న పెద్దోనివే” అన్నారు. బిడ్డ పకపకా నవ్వింది. ఈనాటికీ పెద్ద బండ కనిపిస్తే దానిని “పెద్ద తాత” అంటుంది.

2020 అక్టోబరు 13 రాత్రి హైదరాబాదును ముంచెత్తిన వాన మీకు గుర్తుండే ఉంటుంది. మా అపార్టుమెంటు సెల్లారులో మోకాలిలోతు నీళ్ళు నిలిచాయి. కార్లు మునిగాయి, రాత్రంతా కరెంటు లేదు. పొద్దున అందరూ మెట్ల మీద చేరి వానను తిడుతుంటే నాన్న మెల్లగా అన్నారు: “నీళ్ళు తొవ్వ మరిచిపోవు. మనమే వాటి తొవ్వల ఇల్లు కట్టుకున్నం.” అప్పటిదాకా ఆయనను పల్లెటూరి ముసలాయనగా చూసిన పక్కింటి ఇంజనీరు, ఆ రోజు ఆయన ఎదుట కూర్చొని అలుగు అంటే ఏమిటో, కాలువ ఏ దిక్కున పోవాలో అడిగి తెలుసుకున్నాడు.

2022 జనవరిలో నాన్న నిద్రలోనే వెళ్ళిపోయారు. ఆయన కోరిక ప్రకారం మా పల్లెకు తీసుకొని వెళ్ళి అమ్మ పక్కన పడుకోబెట్టాము. సమాధి దగ్గర మా సంఘపువారు పాట మొదలుపెట్టే వేళకు ఒక ఆటో వచ్చి ఆగింది. చాయ్ బండి అన్న, రొట్టెల అక్క, గిర్ని ఆయన, బర్రెల కాపరి దిగారు. రైలులో వికారాబాద్ వచ్చి, అక్కడ ఆటో మాట్లాడుకొని వచ్చారు. రొట్టెల అక్క చేతిలో బట్టలో చుట్టిన జొన్నరొట్టెలు. దుఃఖంలో ఉన్న ఇంట్లో పొయ్యి వెలిగించరని తెలిసి తెల్లవారకముందే లేచి చేసి తెచ్చింది. “వీళ్ళెవరు?” అని పల్లెవాళ్ళు అడిగారు. “నాన్న ఊరివాళ్ళు” అని చెప్పాము. ఆ మాట మాకు తెలియకుండానే నోట వచ్చింది. ఈడ ఎవరున్నరు అని ఆయన అడిగిన ప్రశ్నకు జవాబు ఆనాడు మా కళ్ళ ముందు నిలబడింది.

ప్రియమైన చదువరులారా, మీలో ఎందరో మాలాగే పిల్లల కోసం పట్నం చేరినవారు ఉన్నారు. ఇంకా ఎందరో పెద్దవారిని వెంట తెచ్చుకొని, వేళకు అన్నమూ మందులూ ఇస్తే చాలనుకుంటున్నారు. ఒక మాట చెబుతాము, తప్పుగా అనుకోకండి. కిటికీ పక్కన కుర్చీ వేయడంతో మన పని అయిపోదు. చేయి పట్టుకొని గల్లీలోకి దిగండి. నీళ్ళు ఎక్కడున్నాయో, పిండి గిర్ని ఎక్కడుందో, కూరలమ్మ ఏ ఊరి నుండి వస్తుందో అడగండి. అడిగిన చోట మనుషులు దొరుకుతారు.

మేము ఇప్పటికీ ఉదయం కుంట వైపు నడుస్తాము. చాయ్ అన్న మూడు గ్లాసులు తీయబోయి, రెండే పెడతాడు. కాసేపు ఎవరమూ మాట్లాడము. తరువాత ఆయనే, “తాత ఉంటే ఇయ్యాల వాన వస్తదో రాదో చెప్పేటోడు” అంటాడు. ముగ్గురమూ ఒకసారి తలలెత్తి మబ్బు వైపు చూస్తాము.