ఆఖరి మడికి నీళ్లందినయా?

యాసంగి నాట్లు పడుతున్న రోజులు. నిజామాబాద్‌లో ఎక్కిన బస్సు ఎడపల్లి దాటేసరికి రోడ్డుకు రెండు వైపులా దుక్కి చేసిన మళ్లు, వాటిలో తళతళలాడే నీళ్లు, నడుము వంచి నాట్లేస్తున్న ఆడవాళ్లు. ఈ నీళ్లన్నీ నిజాంసాగర్‌వే. మంజీర మీద 1923లో పని మొదలుపెట్టి 1931లో పూర్తి చేసిన ఆనకట్ట ఈ నేలకు వరినీ చెరకునూ ఇచ్చింది. చెరకు వెంటే 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో చక్కెర ఫ్యాక్టరీ వచ్చింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని చెప్పుకున్న ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతబడింది. బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దాయన ఆ వైపు చెయ్యి చూపించి, "సైరన్ మోగితె మేం టైం చూసుకునేది" అన్నాడు.

నేను పోయేది బోధన్ అవతల కాలువ పక్కనున్న ఒక ఊరి ప్రభుత్వ ఉన్నత పాఠశాలకు. ఊరి పేరు గానీ, పిల్లల పేర్లు గానీ ఇక్కడ రాయను. వాళ్లు తమ నోటుబుక్కుల్లో రాసుకున్నది వాళ్ల సారు చదవడానికి. వాళ్లను అడిగి, సరేనన్న మాటలే ఇక్కడ చెబుతున్నాను.

ఎనిమిదో తరగతి. లెక్కల పీరియడ్. పాఠం ఘనపరిమాణం. "పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తున్న గది. ఎన్ని ఘనపు అడుగులు?" సారు అడగ్గానే "వెయ్యి" అన్నారు పిల్లలు. "మరి ఒక ఘనం భుజాన్ని రెట్టింపు చేస్తే ఘనపరిమాణం ఎన్ని రెట్లవుతుంది?" ఎక్కువమంది "రెండు రెట్లు" అన్నారు. ముందు బెంచీలోంచి ఇద్దరు "ఎనిమిది" అన్నారు. సారు బోర్డు మీద సూత్రం రాసి, రెండును మూడుసార్లు హెచ్చవేసి ఎనిమిది తెప్పించాడు. "అర్థమైందా?"

"అర్థమైంది సార్!" గది పైకప్పు ఎగిరిపోయేంత గట్టిగా వచ్చింది జవాబు.

మామూలు బడిలో అయితే పాఠం అక్కడితో అయిపోయేది. ఇక్కడ గంట కొట్టడానికి ఐదు నిమిషాలుండగా పిల్లలంతా ఒక సన్నటి నోటుబుక్కు తీశారు. అట్ట మీద 'నెమరు పుస్తకం' అని ఎవరి చేతిరాతలో వాళ్లు రాసుకున్నారు. బర్రె పొద్దంతా మేసి, సాయంత్రం కొట్టంలో పడుకుని నెమరేస్తుంది కదా, అప్పుడే గదా మేసింది ఒంటబట్టేది! ఈ పిల్లల్లో చాలామంది ఇళ్లలో బర్రెలున్నాయి. అందుకే ఈ పేరుకు అర్థం చెప్పాల్సిన పని పడలేదట. రాయాల్సింది రెండే ముక్కలు. ఇవాళ నాకు ఏం సమజైంది? ఎక్కడ ఆగిపోయిన?

గదిలో అలికిడి లేదు. కొందరు గబగబా రాస్తున్నారు. కొందరు పెన్ను మూత కొరుకుతున్నారు. వెనక బెంచీలో ఒక పిల్లవాడు అక్షరాలకు బదులు బొమ్మ గీస్తున్నాడు. సారు ఏమీ అనలేదు.

మధ్యాహ్న భోజనం అయ్యాక స్టాఫ్ రూములో ఆ పుస్తకాలన్నీ నా ముందు పెట్టాడు. పొద్దున నేను చెవులారా విన్న "అర్థమైంది సార్"కూ ఈ కాగితాలకూ పొంతనే లేదు. ఒకరు రాశారు: "వాల్యూం అంటె టీవీ సౌండు అనుకున్న సార్. పాఠం సగం అయినంక తెలిసింది." ఇంకొకరు: "చదరపు అడుగు, ఘనపు అడుగు ఒక్కటే అనుకున్న." ఒక అమ్మాయి రాసింది చదివి నేను చాలాసేపు అక్కడే ఆగిపోయాను: "భుజం డబల్ అయితె ఎనిమిది రెట్లు అని సార్ చెప్పిండు. సూత్రం పెడితె నాక్కూడ ఎనిమిదే వచ్చింది. గని ఎందుకొస్తదో తెల్వలె. కండ్లు మూసుకుంటె రెండు డబ్బాలే కనవడుతున్నయ్."

పరీక్షలో ఈ అమ్మాయికి నిండు మార్కులు పడతాయి. జవాబు సరైనదే. సూత్రం సరైనదే. కళ్లు మూసుకుంటే రెండు డబ్బాలే కనిపిస్తున్నాయన్న సంగతి ఏ ప్రశ్నాపత్రమూ బయటపెట్టదు. తనకు తెలిసింది ఎక్కడిదాకానో, తెలియంది ఎక్కడ మొదలవుతుందో ఆ గీతను పదమూడేళ్ల పిల్ల తనే గీసి చూపించింది. నేర్చుకోవడంలో ఇంతకంటే పెద్ద మెట్టు ఇంకొకటి ఉందని నేననుకోను.

"ఇది ఎట్లా మొదలుపెట్టారు సార్?" అని అడిగాను.

"మా నాయిన కాలువ చివర రైతు. తూము ఎత్తిన్రు, నీళ్లు ఇడిచిన్రు అని ఆఫీసుల రాసుకుంటరు. మా నాయిన మాత్రం మడి కాడ కూసోని ఎదురు చూసేది. పైన తూము కాడ చూసెటోనికి కాలువ నిండుగనే కనవడ్తది. నీళ్లు అందినయా లేదా తెలవాలంటె ఆఖరి మడి కాడికి పోయి చూడాలె. నేను సారునైనంక యాదికొచ్చింది. అర్థమైందా అని అడుగుడు తూము కాడ నిలవడి చూసుడే గద!"

అయితే మొదటి ఏడాది ఈ పని చెడిపోయిందని ఆయనే చెప్పాడు. 2009 విద్యాహక్కు చట్టం నిరంతర సమగ్ర మూల్యాంకనం జరగాలంది. దాని ప్రకారం మన బడుల్లో నిర్మాణాత్మక మూల్యాంకనానికి నాలుగు సాధనాలు వచ్చాయి. పిల్లల భాగస్వామ్యం – ప్రతిస్పందనలు, రాతపనులు, ప్రాజెక్టు పనులు, లఘుపరీక్ష. ఒక్కోదానికి 5 చొప్పున మొత్తం 20 మార్కులు. 'ప్రతిస్పందనలు' అన్న మాట కాగితం మీదికి రావడమే గొప్ప సంగతి. పిల్లవాడు ఏం ఆలోచిస్తున్నాడో అడగమని ప్రభుత్వమే చెప్పిందన్నమాట. సారు నెమరు పుస్తకాన్ని ఆ 5 మార్కులకు ముడిపెట్టాడు. వారం తిరిగేసరికి పుస్తకాలన్నిటిలో అవే రెండు వాక్యాలు: 'ఈ పాఠం నాకు చాలా నచ్చింది. నేను చాలా విషయాలు నేర్చుకున్నాను.' మార్కు వస్తుందంటే తనకు రాదని ఏ పిల్ల రాస్తుంది? ఆ ముడి తెంపేసిన రోజు నుంచే పుస్తకాల్లోకి నిజం వచ్చిందంటాడాయన. ఇప్పుడు దీనికి మార్కు లేదు, ర్యాంకు లేదు, ఎర్ర పెన్నుతో అక్షరదోషం దిద్దడమూ లేదు.

భాష సంగతీ అంతే. ఈ పిల్లల లెక్కల పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు. ఇళ్లలో తెలుగు, ఉర్దూ, మహారాష్ట్ర సరిహద్దు దగ్గరే కాబట్టి కొందరి ఇళ్లలో మరాఠీ. ఏ మాటలో మనసులో అనుకుంటారో ఆ మాటలోనే రాయమన్నాడు సారు. 'అవగాహన కాలేదు' అని రాసినప్పుడు రెండు మాటల దగ్గర ఆగిపోయిన పిల్లలు, 'సమజ్ గాలె' అని రాయొచ్చని తెలిశాక అర పేజీ రాస్తున్నారు.

పాఠాన్ని నెమరేయించే ఈ ఆలోచన ఇక్కడ పుట్టింది కాదు. విషయాన్ని మనసులో తిరగేసి ఆలోచించడం చదువుకు ఎంత అవసరమో అమెరికా తాత్వికుడు జాన్ డ్యూయీ 1910లోనే తన పుస్తకంలో వివరించాడు. బర్కిలీలో భౌతికశాస్త్రం చెప్పిన ఛార్లెస్ ష్వార్ట్జ్ తరగతి చివర ఒక్క నిమిషంలో రాసే చీటీని వాడుకలోకి తెచ్చాడు. హార్వర్డ్‌లో గణాంకశాస్త్రం బోధించిన ఫ్రెడరిక్ మోస్టెలర్ ఇవాళ్టి పాఠంలో అన్నిటికంటే బురదగా ఉన్న చోటేదని విద్యార్థులను అడిగేవాడు. దాని మీద 1989లో వ్యాసం కూడా రాశాడు. బోధన్ పిల్లలకు బురద గురించి వేరే చెప్పాలా? ఎక్కడ కాలు దిగబడిందో ఆ చోటు చూపించడం వాళ్లకు తెలుసు.

ఈ బడిలోనే తెలుగు మేడం ఇదే పని ఇంకో తీరుగా చేస్తున్నారు. తెలుగు వాచకాల్లో పాఠం చివర 'ఇవి చేయగలనా?' అని ఒక పట్టిక ఉంటుంది. అవును, కాదు అన్న గడుల్లో టిక్కు పెట్టాలి. "అందరూ అన్నిటికీ అవునే పెడతారండీ. అందుకే అవును పక్కన 'ఎట్లా?' అని ఒక గీత కొట్టించాను. ఎట్లా చేస్తారో ఒక్క ముక్క రాయాలి. అది రాయబోయి చాలామంది టిక్కు కొట్టేసి కాదులోకి మార్చుకుంటారు" అన్నారామె. పిల్లలను నిజామాబాద్ ఖిల్లాకు తీసుకుపోయినప్పుడు 'ఖిల్లాను వర్ణించండి' అనలేదట. ఎక్కడ నిలబడిపోయారు, ఎందుకు అని రాయమన్నారట. 1948లో దాశరథి కృష్ణమాచార్య, వట్టికోట ఆళ్వారుస్వామి బందీలుగా ఉన్న జైలు అది. దాశరథి అక్కడి గోడల మీద బొగ్గుతో పద్యాలు రాశారు. ఏడో తరగతి పిల్ల రాసింది మేడం నాకు చదివి వినిపించారు: "నేను గోడ మీద రాస్తె మా అమ్మ కొడ్తది. ఆయనకు కాయితం లేక రాసిండు. నా తాన నాలుగు నోటుబుక్కులున్నయ్, ఉత్తగ పెట్టిన." చివరి ముక్క చదివేటప్పుడు మేడం గొంతు కొంచెం తగ్గింది.

అన్నీ పాఠాల ముచ్చట్లే ఉండవు. ఒక అమ్మాయి పుస్తకంలో 'ఎక్కడ ఆగిపోయిన' అన్న చోట ఇట్లా ఉంది: "హోంవర్కు చేయలె. రాత్రి అమ్మ బీడీలకు దారం కట్టిన. కార్ఖానల పొద్దున్నే అప్పజెప్పాలె." సారు ఈ సంగతి తరగతిలో ఎత్తలేదు. మర్నాటి నుంచి ప్రార్థనకు ముందు అరగంట బడి వరండాలో కూర్చుని లెక్కలు చేసుకోవచ్చని ఆ పేజీ కిందే రాశాడు. ఇప్పుడు అక్కడ ఆరేడుగురు కూర్చుంటున్నారు. పిల్లలు రాసింది ఎవరి ముందూ చదవకపోవడం ఇక్కడ గట్టి నియమం. ఒక్కసారి పదిమందిలో నవ్వులపాలైన పిల్ల మళ్లీ నిజం రాయదు.

సారుకూ ఒక నెమరు పుస్తకముంది. రాయించిన ప్రతిరోజూ మూడు గీతలు. ఏం చెప్పాననుకున్నా? పిల్లలు ఏం రాశారు? రేపు ఏం మార్చాలి? నేను వెళ్లిన రోజు మూడో గీతలో ఒక్క మాటే రాశాడు: 'పాచికలు'.

అది చూడాలనే ఆ రాత్రి బోధన్‌లో ఆగాను. మర్నాడు సారు జేబులోంచి లూడో పాచికలు ఓ దోసెడు తీసి బల్ల మీద పోశాడు. ముందు 'వాల్యూం' అన్న మాటను బోర్డు మీద రాసి, టీవీలో ఒక అర్థం, లెక్కల్లో ఒక అర్థం అని చెప్పాడు. ఎవరి కాగితమో చెప్పలేదు. తర్వాత, "ఒక పాచిక ఒక ఘనం. దీనికి అన్ని భుజాలూ డబల్ ఉండే ఘనం కట్టాలె. ఎవరొస్తరు?" అన్నాడు. నిన్న రెండు డబ్బాలే కనిపిస్తున్నాయని రాసిన అమ్మాయి తనంతట తనే లేచి వచ్చింది. రెండు పాచికలు పక్కపక్కన పెట్టింది. ఆగింది. వాటి వెనక ఇంకో రెండు పెట్టింది. నాలుగు. చెయ్యి తీసేసి, వంగి పక్కనుంచి చూసింది. పొడవు డబల్ అయింది, వెడల్పు డబల్ అయింది, ఎత్తు మాత్రం అట్లాగే ఉంది. ఒక్కొక్కటే నాలుగు పాచికలు పైన పేర్చింది. "ఎనిమిది!" ఎవరూ అడగకుండానే అంది. "పైకి పెరుగుడు నేను చూడనే లేదు సార్."

అక్కడి నుంచి సారు పిల్లలను లెక్కల్లోనే డ్యాం దాకా తీసుకుపోయాడు. వెయ్యి అడుగుల భుజమున్న ఘనంలో పట్టే నీళ్లెన్ని? వంద కోట్ల ఘనపు అడుగులు. పేపర్లో రోజూ చూసే ఒక టీఎంసీ అంటే అదే. నిన్నటి పది అడుగుల గది లెక్కన చూస్తే పది లక్షల గదుల నీళ్లు. కట్టిన కొత్తలో నిజాంసాగర్‌లో దాదాపు 30 టీఎంసీలు పట్టేవి. పూడిక పేరుకుని తగ్గిపోతే, తర్వాత నీటి మట్టాన్ని 1405 అడుగులకు పెంచారు. ఇప్పుడు నిండితే 17.8 టీఎంసీలు. అంటే ఒక కోటి 78 లక్షల గదులు. "అమ్మో!" అన్నారు పిల్లలు. ఈసారి సారు "అర్థమైందా?" అని అడగలేదు. గడియారం చూసి, "నెమరు పుస్తకాలు తియ్యండి" అన్నాడు.

దీనికి ఖర్చు లేదు. యంత్రాలక్కర్లేదు. పీరియడ్‌లో ఐదు నిమిషాలు చాలు. కానీ ఆ ఐదు నిమిషాల వెనక ప్రతిసారీ నలభై పుస్తకాలు చదివే ఓపిక కావాలి. "అన్ని క్లాసులయి చదువుడు నాతోని గాదు, అందుకే వారానికి రెండు రోజులే రాపిస్త. రాపిస్తె మాత్రం చదువుత. చదివితె రేపటి పాఠంల ఏదో ఒకటి మారుస్త. మార్చకపోతె రాపిచ్చుడు దండుగ" అన్నాడు సారు. ఈ పనిలో కీలకమంతా ఆ చివరి మాటలోనే ఉందని నాకనిపించింది. పిల్లలు రాయడం దానంతటదే చదువైపోదు. రాసిందానికి జవాబు రావాలి. నిన్న తను 'తెల్వలె' అని రాసినందుకు ఇవాళ సారు జేబులోంచి పాచికలు బయటికి వచ్చాయని పిల్లకు తెలిసినప్పుడు, తెలియదని చెప్పడం సిగ్గు కాదనీ, అది పాఠాన్ని కదిలించే మాటనీ ఆమెకు ఎవరూ వేరే చెప్పనక్కర్లేదు.

బస్సుకు టైమవుతోంది. బయల్దేరబోతుంటే సారు ఒక పుస్తకం తెరిచి చూపించాడు. నిన్న అక్షరాలకు బదులు బొమ్మ గీసిన పిల్లవాడిది. ఇవాళ కూడా బొమ్మే. పొడుగ్గా ఒక కాలువ, దానికి పాయలు, చివర ఒక చిన్న మడి. దాని కింద మాత్రం రెండు వాక్యాలున్నాయి: "డ్యాంల కోటి డెబ్బయెనిమిది లక్షల గదుల నీళ్లు పడ్తయ్ గద సార్. కాలువ చివర ఉన్న మా మడికి ఎన్ని గదులొస్తయ్?"

కింద సారు నీలం సిరాతో రాశాడు: "నాకూ తెల్వదు. శనివారం కాలువ గట్టు మీదికి పోయి, నీళ్లు ఇడిచే లష్కర్‌ను అడుగుదాం. నువ్వు ముందు నడువు."