కామెర్లు నేర్పిన పాఠము

“పచ్చకామెర్లవానికి లోకమంతయు పచ్చగా గానవచ్చును” అను సామెతను మనమందఱము వినియే యున్నాము. నేనును దానిని పరీక్షలలో వ్రాసి మార్కులు సంపాదించినవాడనే. అయినను గత వర్షకాలమున నా తమ్మునికి కామెర్లు సోకువఱకు దాని సత్యాసత్యములను విచారింప నాకు తోచలేదు.

మొదట వానికి కొలదిగా జ్వరమును వాంతులును గలిగెను. అన్నము చూచినంతనే వికారపడుచుండెను. ఐదవనాటికి మూత్రము ముదురువన్నెకు దిరిగి, కన్నుల తెల్లగ్రుడ్లు పచ్చబడెను. మా నాయనమ్మగారు భయపడి పొరుగూరి పసరువైద్యుని బిలిపించిరి. అతడు తమ్ముని చేతులకు మామిడిబెరడు రసము పూసి, సున్నపుతేటతో గడిగించెను. పళ్లెములోని నీరు పచ్చనయ్యెను. “చూచితిరా, కామెర్లు దిగుచున్నవి! రేపు ముంజేతికి వాత పెట్టినచో మిగిలినదియు బోవును” అనెను. అందఱును సంతసించిరి.

నాకు మాత్రము సందేహము తీరలేదు. అతడు వెడలిన పిదప మిగిలిన రసమును నా చేతులకు బూసికొని, వేఱొక గిన్నెలో సున్నపుతేటతో గడిగికొంటిని. ఏ రోగమును లేని నా చేతులనుండియు పచ్చనీరే కాఱెను! ఆ గిన్నెను దెచ్చి నాయనమ్మగారి ముందుంచితిని. ఆమె చాలసేపు మాటాడలేదు. మఱునాడు వాత మానిరి. నాన్నగారు తమ్ముని ఆసుపత్రికి దోడ్కొనిపోయిరి.

డాక్టరుగారు రక్తమును పరీక్షింపజేసి, నా ప్రశ్నలకు విసుగుకొనక ఇట్లు బోధించిరి. మన రక్తములోని ఎఱ్ఱకణములు సుమారు 120 దినములు జీవించును. ముదిసిన కణములు ముఖ్యముగా ప్లీహమునందు విచ్ఛిన్నములగును. వానిలోని ఇనుమును శరీరము మరల వాడుకొనును. ఎఱ్ఱని పదార్థములో మిగిలినది మొదట ఆకుపచ్చని బిలివర్డిన్‌గను, పిదప పసుపుపచ్చని బిలిరుబిన్‌గను మాఱును. “దెబ్బతగిలి కమిలినచోటు దినదినమును రంగులు మాఱుట చూచియుండవా నాయనా? అదియు నీ మార్పే” అనిరి.

బిలిరుబిన్ నీట కరగదు. రక్తములోని ఆల్బుమిన్ దానిని మోసి కాలేయమునకు జేర్చును. కాలేయము దానికి గ్లూకురోనికామ్లమును జతచేసి, నీట కరుగునట్లొనర్చి, పిత్తముతో గూడ ప్రేగులలోనికి బంపును. మలమునకు గోధుమవన్నె వచ్చుట దానివలననే. రక్తకణములు మితిమీఱి చితికినను, కాలేయము జబ్బుపడినను, పిత్తనాళమునకు అడ్డు గలిగినను, ఆ పసుపు రక్తమున నిలిచిపోవును. కావున కామెర్లు రోగము కాదు. రోగమును దెలుపు చిహ్నము మాత్రమే.

తమ్మునికి వచ్చినది హెపటైటిస్-ఎ. అది మలినమైన నీటివలనను ఆహారమువలనను వచ్చును. లోన ప్రవేశించిన సుమారు నాలుగు వారములకు బయటపడును. ఆ మాట విని నా గుండె ఝల్లుమనెను. నెల క్రిందట తిరునాళ్లలో వాడు వద్దన్నను మంచుగడ్డ షర్బతు త్రాగించినవాడను నేనే! అదియే కారణమని నిశ్చయముగా జెప్పజాలను గాని, ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు.

దీనికి ప్రత్యేకమైన మందు లేదు. విశ్రాంతియు, తగిన ఆహారమును నీ రున్నచో సామాన్యముగా కొన్ని వారములలో కాలేయము తనంతట తానే కోలుకొనును. పసరుమందులకు పేరు వచ్చుటకు గారణ మిదియే. రోగము తానై తగ్గగా యశస్సు మందునకు దక్కును. కాని కొన్ని ఆకుమందులు కాలేయమునకే హాని చేయును. రోగికి మగతగాని మతిభ్రమగాని కలిగినచో క్షణమైన జాగు చేయరాదని డాక్టరుగారు హెచ్చరించిరి.

తమ్ముడు మంచముననుండగా నొకనాడు, “ఈ గోడ ఏ రంగుగా నున్నదిరా?” అని యడిగితిని. “తెల్లగనే యున్నదన్నా! నీ కన్నులకేమైనది?” అని వాడు నవ్వెను. కన్నులు పచ్చబడినవాడు గోడను తెల్లగనే చూచెను. కన్నులు తెల్లగనున్న మేము పచ్చనీటిని జూచి మోసపోబోతిమి.

ఇప్పుడు వాడు మరల బడికి వచ్చుచున్నాడు. మా యింట నీరు కాచి చల్లార్చి త్రాగుచున్నాము. భోజనమునకు ముందు “చేతులు సబ్బుతో గడిగితిరా?” అని మొదట నడుగువారు మా నాయనమ్మగారే.