అకిహబరాలో గెలిచి, అమెరికాలో ఓడిన పెట్టె

టోక్యో నగరంలో యమనోతె రైలు మార్గం మీద అకిహబరా అనే స్టేషన్ ఉంది. ఆ పేటకు ఆ పేరు రావడంలోనే ఒక వింత ఉంది. 1869లో అక్కడ ఘోరమైన అగ్నిప్రమాదం జరిగింది. కాలిన నేలను మళ్ళీ ఇళ్ళతో నింపక ఖాళీగా వదలి, మరుసటి సంవత్సరం అగ్నిభయ నివారణార్థం ఒక గుడి కట్టించారు. అందులోని దైవం నిప్పునుండి కాపాడే అకిబా దేవుడే కాబోలునని జనం అనుకున్నారు. అకిబా మైదానం కాలక్రమాన అకిహబరా అయింది. 1888లో రైలు కోసం గుడిని వేరొక చోటికి తరలించారు. దేవుడు వెళ్ళిపోయాడు, పేరు మాత్రం మిగిలింది.

రెండవ ప్రపంచ యుద్ధానంతరం ఈ పేట రేడియో విడిభాగాల అంగడిగా మారింది. రైలు వంతెన క్రింద, మనిషి చేతులు చాపితే రెండు గోడలూ తగిలేటంత ఇరుకు కొట్లలో తీగలు, వాల్వులు, స్విచ్చులు అమ్మేవారు. అటువంటి కొట్లు కొన్ని నేటికీ ఉన్నాయి. రేడియోల తరువాత టెలివిజన్లు, రిఫ్రిజిరేటర్లు, ఆపైన కంప్యూటర్లు వచ్చాయి. 1976లో నిప్పాన్ ఎలక్ట్రిక్ కంపెనీ, అనగా ఎన్.ఇ.సి., ఇక్కడి రేడియో కైకాన్ భవనం ఏడవ అంతస్తులో కేంద్రం తెరచి, ఎవరికి వారే బిగించుకొనే చిన్న కంప్యూటర్లను జనానికి పరిచయం చేసింది. ఆ పాత భవనాన్ని 2011లో కూల్చి, 2014లో అదే చోట కొత్తది తెరిచారు.

పాత వీడియో గేములు అమ్మే దుకాణాలు ప్రధాన వీధిలో కన్నా ప్రక్క సందులలో, ఇరుకు మెట్లెక్కి పోవలసిన పై అంతస్తులలో ఉంటాయి. అటువంటి ఒక దుకాణంలో అద్దాల బీరువా ముందు నేను చాలాసేపు నిలబడిపోయాను. లోపల ఒక తెల్లని పెట్టె. పొడవూ వెడల్పూ 14 సెంటీమీటర్లు, ఎత్తు నాలుగుకు లోపే. మన ఇళ్ళలోని పోపుల పెట్టె అంతకంటె పెద్దది. దానిపేరు పి.సి. ఇంజిన్. స్వదేశంలో మహారాజులా వెలిగి, సముద్రం దాటగానే అనామకమైన యంత్రమది.

ఉత్తరాది దుకాణం, రాజధాని కంపెనీ

ఈ యంత్రానికి మూలం టోక్యోలో లేదు. జపానుకు ఉత్తరాన, మంచుకు పేరుపడ్డ హొక్కైదో దీవిలోని సప్పొరో నగరంలో 1973లో కుదో సోదరులు హడ్సన్ అనే సంస్థను స్థాపించారు. మొదట అది రేడియో పరికరాల కొట్టు. పాత ఆవిరి రైళ్ళమీది మక్కువతో ఒక ఇంజను తరహా పేరునే తమ సంస్థకు పెట్టుకున్నారు. పిమ్మట గేములు వ్రాయడంలో సిద్ధహస్తులైన ఈ సంస్థవారు, చిత్రాలను చురుకుగా చూపగల చిప్పులను రూపొందించారు. వాటిని తయారుచేసి అమ్మే శక్తి ఎన్.ఇ.సి.కి ఉంది. ఆ కలయిక ఫలితమే 1987 అక్టోబరు 30న విడుదలైన పి.సి. ఇంజిన్.

నాటి జపానులో పరిస్థితులన్నీ దానికి అనుకూలించాయి. నింటెండో వారి ఫామికామ్ 1983 నాటిది. నాలుగేళ్ళు గడిచేసరికి పిల్లలు కొత్తదానికోసం ఎదురుచూస్తున్నారు. సెగా వారి మెగా డ్రైవ్ రావడానికి ఇంకా ఏడాది వ్యవధి ఉంది. పి.సి. అన్న అక్షరాలు వినగానే జపాను వారికి స్ఫురించేది ఎన్.ఇ.సి. కంప్యూటర్లే గనుక ఆ పేరుకే ఒక గౌరవముంది. గేములు లావుపాటి క్యాసెట్లుగా కాక, పర్సులో ఇమిడే పలుచని కార్డులపై వచ్చేవి. 1988 డిసెంబరులో సి.డి. పరికరం కూడా జతచేరింది. వీడియో గేమ్ యంత్రానికి సి.డి.ని తగిలించడం లోకంలో అదే ప్రథమం. జపాను విపణిలో మెగా డ్రైవ్‌ను వెనుకకు నెట్టి నింటెండో తరువాతి స్థానంలో నిలబడింది.

సముద్రం దాటిన తరువాత

అమెరికాలో కథ తారుమారైంది. మొదటి కారణం ఆలస్యం. అక్కడి విడుదల 1989 ఆగస్టు చివరలో, న్యూయార్కు, లాస్ ఏంజెలిస్ నగరాలలో జరిగింది. అప్పటికి జపానులో పుట్టి దాదాపు రెండేళ్ళు. సరిగ్గా పక్షం రోజుల ముందే, ఆ రెండు నగరాలలోనే, సెగా తన మెగా డ్రైవ్‌ను జెనిసిస్ అనే పేరుతో దించింది. జపానులో చేజిక్కిన ఏడాది ఆధిక్యం ఇక్కడ పూర్తిగా హరించుకుపోయింది. పైగా నింటెండో యంత్రం అమెరికా అంతటా వ్యాపించింది 1986లో మాత్రమే. జనానికి అది ఇంకా పాతబడలేదు.

రెండవది, రూపం. జపానువారు ముచ్చటపడిన చిన్నతనమే అమెరికాకు లోపమనిపించింది. రెండింతలకు మించిన వెడల్పుగల నల్లని డిప్పలో అదే యంత్రాన్ని అమర్చి, టర్బోగ్రాఫిక్స్-16 అని నామకరణం చేశారు. ఆ అంకె మరొక చిక్కు తెచ్చింది. బొమ్మలు గీసే చిప్పులు 16 బిట్‌లవే గాని, యంత్రపు మెదడు 8 బిట్‌లది. జపాను పేరులో అంకె లేదు గనుక ఆ ప్రశ్నే రాలేదు. ఇక్కడ పెట్టెమీదే ప్రకటించుకున్నాక ప్రత్యర్థులకు ఆయుధం చేతికిచ్చినట్లయింది. ఇద్దరు ఆడాలంటే రెండవ మీటకు చోటు లేదు. దానికి వేరే పరికరం కొనాలి. జపానులోనూ అంతే గాని, అమెరికాలో ప్రక్కనున్న జెనిసిస్‌కు రెండు చోట్లు కళ్ళెదుటే కనబడుతున్నాయి. ధర కూడా దానికంటె సుమారు పది డాలర్లు ఎక్కువే.

మూడవ కారణం అనువాదకురాలినైన నన్ను ఎక్కువగా ఆకర్షించింది. పెట్టెతోపాటు ఉచితంగా ఇచ్చిన ఆట, జపానులో వతరు అనే బాలుని కథగా టెలివిజన్‌లో ప్రసారమైన కార్టూన్ ఆధారంగా చేసినది. ఆ బాలుణ్ణి అమెరికా పిల్లలు ఎరుగరు. అందుచేత అతనికి కీత్ కరేజ్ అని పేరు మార్చి, కథను తిరగవ్రాశారు. పేరు మారింది గాని, అభిమానం వెంట రాలేదు. అదే సమయాన సెగా తన పెట్టెతో ఇచ్చిన ఆటను అమెరికన్లు వీధి గేమ్ కేంద్రాలలో నాణెం వేసి ఆడి ఉన్నారు.

గట్టి తలతో శత్రువులను ఢీకొట్టే ఆదిమానవుని ఆట మరొకటి ఉంది. జపానీయంలో గెంజిన్ అంటే ఆదిమానవుడు. పి.సి. గెంజిన్ అనగానే పి.సి. ఇంజిన్ అని చెవికి సోకుతుంది. ఆ శ్లేషతోనే అతడు యంత్రానికి ప్రతీక అయ్యాడు. ఆంగ్లంలో శ్లేష నిలవదు. అక్కడ అతని పేరు బాంక్. పేరు బాగానే ఉంది, కాని యంత్రంతో పేగుబంధం తెగిపోయింది.

ఇంకొక విశేషం. జపాను కార్డును అమెరికా పెట్టెలో పెడితే పనిచేయదు. సమాచారాన్ని మోసే ఎనిమిది తీగల వరుసను అమెరికా యంత్రంలో తలక్రిందులు చేశారు. మంచి ఆటలెన్నో సముద్రం దాటకుండా ఆగిపోయాయి. గేములు వ్రాసే సంస్థలలో చాలా వాటిని నింటెండో తన ఒప్పందాలతో అమెరికాలో కట్టిపడేసింది. ఈ సి.డి. యంత్రానికి కొనామీ సంస్థ 1993లో చేసిన డ్రాకులా ఆట రసజ్ఞుల మన్ననలు పొందింది. పశ్చిమ దేశాలకు అది అధికారికంగా చేరింది 2007లో, వేరొక యంత్రం మీద.

1991లో సెగా వారి సోనిక్, ఆ వెంటనే నింటెండో కొత్త యంత్రం వచ్చాయి. సుమారు 400 డాలర్లకు అమ్మిన సి.డి. పరికరం గాని, 1992లో వచ్చిన డ్యుయో గాని పరిస్థితిని మార్చలేదు. 1994 నాటికి అమెరికాలో కథ ముగిసింది. ఐరోపాలో నామమాత్రపు అమ్మకమే. మన దేశంలోనైతే 1990లలో టీవీకి తగిలించే వీడియో గేమ్ అంటే ఎక్కువగా ఫామికామ్ నకళ్ళే. జపానులో మాత్రం ఈ పెట్టెకు 1999 వరకూ కొత్త ఆటలు వస్తూనే ఉన్నాయి.

జపానులో ఈ పెట్టెతో ఓడిన మెగా డ్రైవే అమెరికాలో దీనిని ఓడించిందన్న సంగతి మరువరాదు. అక్కడ ఎక్కువైనదీ, ఇక్కడ తక్కువైనదీ కేవలం యంత్రశక్తి కాదు. వచ్చిన వేళ, పిలిచిన పేరు, ఎదురువచ్చి పలుకరించే పరిచితులు, ఇవన్నీ కలిసి ఒక వస్తువును ఇంటిదాన్ని చేస్తాయి. పరాయి దేశానికి పంపేటప్పుడు డిప్ప మార్చడం సులువు. అక్కడివారికి అది ఎందుకు కావాలో వారి భాషలో చెప్పడమే కష్టం.

హడ్సన్ సంస్థ 2012లో కొనామీలో లీనమైంది. పి.సి. ఇంజిన్ మాత్రం 2020లో బుల్లి రూపంలో మరల విడుదలైంది. ఈసారి జపాను ఆటలూ, అమెరికా ఆటలూ ఒకే పెట్టెలో అమర్చి పంపారు. అకిహబరా మెట్లెక్కి వస్తున్న విదేశీ యాత్రికులు నేడు ఆ పాత తెల్లని పెట్టెల కోసం బేరమాడుతున్నారు. ముప్పై ఏళ్ళ క్రితం తమ ఊరికి సరిగా చేరని వస్తువును, దాని ఊరికే వచ్చి కొనుక్కుపోతున్నారు.