మడక – బ్రౌను దొర

నేను సైన్సు విద్యార్థిని. బ్రౌనును గురించి వ్రాయటానికి నీకేం అర్హత వుందని తెలుగు శాఖ మిత్రులు అడగవచ్చు. ఒక్క మాట వల్ల ఆయన నాకు చుట్టమైనాడు, అంతే.

మాది బేతంచెర్ల దగ్గర పల్లె. మెట్ట సేద్యం. హాస్టల్లో చేరిన మొదటి వారం, "మా నాయన మడక కట్టినాడంటే ఎండ నెత్తికొచ్చేదాకా విడవడు" అన్నాను. గదిలో అందరూ నవ్వారు. "మడక ఏమిట్రా, నాగలి అనాలి" అన్నాడొకడు. ఆనాటినుంచి నోరు తెరిచే ముందు మాటలు ఏరుకోవడం మొదలైంది. సెలవులకు ఇంటికి పోయి నాయనతో కూడా పుస్తకాల తెలుగే మాట్లాడాను. ఆయన నా ముఖంలోకి ఒకసారి చూసి వూరకున్నాడు.

నిరుడు లైబ్రరీలో ఏదో శాస్త్ర పదం కోసం బ్రౌను నిఘంటువు తిరగేస్తుంటే 'మడక' కనిపించింది. 1852లో అచ్చయిన గ్రంథంలో మా నాయన మాట! నిలబడే మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను.

ఆ తర్వాత ఆయన జీవితం చదివాను. చార్లెస్ ఫిలిప్ బ్రౌను 1798లో కలకత్తాలో పుట్టాడు. కుంపిణీ కొలువులో 1820లో కడప చేరాడు. తాటాకు ప్రతులు తెప్పించి, సొంత డబ్బుతో, చాలకపోతే అప్పు చేసి, పండితులకు జీతాలిచ్చి శుద్ధప్రతులు వ్రాయించాడు. 1829లో వేమన పద్యాలు అచ్చు వేయించాడు. ఒకే పద్యం ఒక్కో ప్రతిలో ఒక్కో రకంగా వుంటే పక్కపక్కన పెట్టి పోల్చి చూశాడు. మా ల్యాబులో టైట్రేషన్ ఒక్కసారి చేసి రీడింగు వ్రాస్తే ఒప్పుకోరు. రెండు మూడుసార్లు సరిపోలాలి. పరిష్కరణ అంటే అదేనని అప్పుడు అర్థమైంది. తెలుగులో కలిసిన పరాయి మాటలను కూడా తోసెయ్యక 1854లో వాటికి వేరే నిఘంటువు కూర్చాడు. తర్వాత లండన్ విశ్వవిద్యాలయంలో తెలుగు చెప్పి, 1884లో కన్నుమూశాడు. కడపలో ఆయన బంగళా వున్న చోటే నేడు ఆయన పేరిట గ్రంథాలయం వుంది.

సంక్రాంతికి ఇంటికి పోయినప్పుడు, "నాయనా, తెల్లదొర మన మడకను పుస్తకంలో రాసినాడు" అన్నాను.

పగ్గం పేనుతున్న ఆయన తలెత్తలేదు. "దొర రాసుకున్య మాటకు నువ్వెందుకురా సిగ్గుపడితివి?" అన్నాడు.

జవాబు దొరక్క, పగ్గం రెండో కొస పట్టుకున్నాను.