ట్రాక్టర్ ఆగిన వారం



2024 చివర్లో మనం జరుపుకున్న కోత పండుగ మీకు గుర్తుండే ఉంటుంది. ఆరాధన తర్వాత మూడు వందల మందికి ప్రేమ విందు పెట్టాం. దేవునికి స్తోత్రం, ఎవరికీ తక్కువ కాలేదు. తిన్న పేపరు ప్లేట్లు, ప్లాస్టిక్ గ్లాసులు సంచుల్లో కట్టి మందిరం గేటు పక్కన పెట్టాం. పొద్దున్నే పంచాయతీ ట్రాక్టర్ వచ్చి తీసుకుపోతుందని మన ధైర్యం.

ఆ వారం ట్రాక్టర్ రాలేదు. సంచులను కుక్కలు చింపేశాయి. తర్వాతి ఆదివారం ఎవరో ఆ కుప్పకు నిప్పు పెట్టారు. నేను వాక్యం చెబుతుండగా ప్లాస్టిక్ కాలిన పొగ కిటికీల్లోంచి లోపలికి వచ్చింది. ఉబ్బసం ఉన్న ఒక పెద్దమ్మ మధ్యలోనే లేచి బయటికి వెళ్లిపోయింది. యవ్వనస్థులకు కోపం వచ్చింది. "అయ్యగారూ, వినతిపత్రం రాద్దాం, అందరం సంతకాలు పెడతాం" అన్నారు. రాశాం. సోమవారం దాన్ని జేబులో పెట్టుకుని పంచాయతీ ఆఫీసుకు వెళ్లాను.

కార్యదర్శి నన్ను కూర్చోబెట్టి, నేను జేబులోంచి కాగితం తీయకముందే లెక్కల పుస్తకం తెరిచారు. ట్రాక్టర్ అప్పు కిస్తీ, డీజిల్, వీధి దీపాలకూ బోర్లకూ కరెంటు బిల్లు, కార్మికుల జీతాలు. ఒకటి కడితే ఇంకొకటి ఆగుతోంది. ఆ ఏడాది ఫిబ్రవరిలో సర్పంచుల పదవీకాలం ముగిసింది. ఎన్నికలు జరగలేదు. ఎన్నికైన పాలకవర్గం లేని పంచాయతీకి కేంద్రం ఆర్థిక సంఘం డబ్బు విడుదల చేయదు. ఆ డబ్బు వచ్చినా దానికి ముందే గీతలు గీసి ఉంటాయి. అప్పటి 15వ ఆర్థిక సంఘం లెక్క ప్రకారం 60 శాతం మంచినీళ్లకు, పారిశుద్ధ్యానికే వాడాల్సి ఉండేది. మిగిలిన 40 శాతంలోంచి జీతాలు ఇవ్వడానికి వీలుండేది కాదు. మరోపక్క 2018 పంచాయతీరాజ్ చట్టం బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి పెట్టమంటుంది. అన్నీ మంచి మాటలే. పెట్టెలో డబ్బు లేనప్పుడు ఏ మంచి ముందు, ఏ మంచి తర్వాత అన్నదే ఆయన తిప్పలు.

"మరి ఊరికి సొంత ఆదాయం లేదా సార్?" అని అడిగాను. ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. ఇంటి పన్ను బకాయిల జాబితా నా వైపు తిప్పారు. అందులో నా పేరు ఉంది. రెండేళ్ల బాకీ. వినతిపత్రం జేబులోనే ఉండిపోయింది.

తిరిగి వస్తుంటే మన సంఘంలోని ఒక సహోదరి మోరీ పక్కన ఊడుస్తూ కనిపించింది. ఆమె పంచాయతీ కార్మికురాలు. "రెండు నెలల నుంచి జీతం రాలేదయ్యగారూ. మన పండుగ ప్లేట్లు మాత్రం నేనే ఎత్తిన" అంది. ఆమె ఫిర్యాదు చేయలేదు. ఉన్న మాట చెప్పింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

లూకా సువార్త 14వ అధ్యాయంలో గోపురం కట్టాలనుకున్నవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోవాలని ప్రభువు చెప్పాడు. లెక్క చూడటం అవిశ్వాసం కాదు. అప్పుల్లో మునిగిన విధవరాలిని ఎలీషా అడిగింది కూడా ఇంట్లో ఏముందనే. యోహాను 6వ అధ్యాయంలో ఐదు రొట్టెలతో ఐదు వేల మందిని తృప్తిపరచిన ప్రభువు, తర్వాత మిగిలిన ముక్కలను పోగుచేయమన్నాడు. ఇంకో వెయ్యి రొట్టెలు చేయగలిగినవాడు ముక్కలను వదిలేయలేదు. ఆ అధ్యాయం మీద ఎన్నోసార్లు ప్రసంగించాను. పన్నెండు గంపలను ఆశీర్వాదంగానే చెప్పాను కానీ, విందు తర్వాత శుభ్రం చేసే పనిగా ఏనాడూ చెప్పలేదు.

మరుసటి రోజే పన్ను కట్టాను. పెద్దలతో కూర్చుని మన ఇంట్లో ఏముందో చూశాం. స్త్రీల సమాజం కానుకలతో స్టీలు పళ్లాలు కొన్నారు. కడిగేది ఎవరని గొడవ వచ్చింది. ఆడవాళ్లు అడిగింది న్యాయమే కాబట్టి మగవాళ్లం వంతులు వేసుకున్నాం. పళ్లాలు చాలనప్పుడు మోదుగ విస్తర్లు తెస్తున్నాం. అన్నం, కూరల మిగుళ్లు మందిరం వెనుక తవ్విన గుంతలో వేసి మట్టి కప్పుతున్నాం. పోయిన వానాకాలం ఆ ఎరువే వేపమొక్కలకు వేశాం. తడి చెత్త మన దగ్గరే ఆగితే ట్రాక్టర్‌కు ఆ మేరకు బరువు తగ్గుతుంది, డీజిల్ కూడా మిగులుతుంది.

అలాగని అడగడం మానేయమని నేను చెప్పడం లేదు. 2025 డిసెంబరులో ఎన్నికలు జరిగాయి, ఊరికి సర్పంచి వచ్చారు. గ్రామసభకు వెళ్లండి. పారిశుద్ధ్యానికి వచ్చిన డబ్బు దానికే ఖర్చయిందా అని అడగండి. మోరీలు తీసేవారి జీతం సంగతి మొదట అడగండి. కూలివాని కూలి ఆపడం దేవుని దృష్టిలో చిన్న తప్పు కాదని యాకోబు పత్రిక 5వ అధ్యాయం చెబుతోంది. కానీ వెళ్లేముందు మీ ఇంటి పన్ను రసీదు ఒకసారి చూసుకోండి. నాలాగా జేబులో కాగితంతో తిరిగి రావద్దు.

ప్రభువా, నీవు మాకప్పగించిన ఈ ఊరిని, ఈ నేలను, ఈ గాలిని కాపాడే మనసు మాకివ్వు. మా చెత్త ఎత్తే చేతులను ఆశీర్వదించు, వారి కూలి వారికి సమయానికి అందేలా చేయి. మేము అడగవలసిన చోట ధైర్యంగా అడిగేలా, ఇవ్వవలసినది ముందుగా ఇచ్చేలా మాకు నేర్పించు. యేసు నామంలో అడుగుతున్నాము తండ్రీ, ఆమెన్.